బయటి నుంచి వచ్చిన కెప్టెన్: సి.కె. నాయుడు

పిల్లల్ని క్రికెట్ కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులు సి.కె. నాయుడు ట్రోఫీ అనే పేరు వినే ఉంటారు. 23 ఏళ్లలోపు కుర్రాళ్ల కోసం బి.సి.సి.ఐ. నడిపే పోటీ అది. ఆ పేరుగల మనిషి మన తెలుగువాడని, ఆంధ్ర జట్టుకు కూడా ఆడాడని తెలిసినవాళ్లు తక్కువ.

కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. పూర్వీకులది మచిలీపట్నం. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు ఆయన్ని పిలిపించి, తన సైన్యంలో ఉద్యోగమిచ్చి, అక్కడే ఉంచుకున్నారు. ఇప్పటి ఐపీఎల్ వేలంలో ఆటగాళ్లను కొన్నట్టే, అప్పట్లో సంస్థానాలు మంచి ఆటగాళ్లను కొలువులిచ్చి రప్పించుకునేవి. 1926లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయిలో ఆయన రెండు గంటల లోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. ఆ ఒక్క రోజుతో దేశమంతా ఆయన పేరు మారుమోగింది.

పేరు పెద్దదే, మనిషి మాత్రం కఠినుడు. క్రమశిక్షణ విషయంలో ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. 1932లో భారత జట్టు తొలి టెస్టు ఆడటానికి ఇంగ్లండ్ వెళ్లినప్పుడు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. ఆట తనకంటే బాగా వచ్చినవాడికి పగ్గాలివ్వడమే మేలని ఆయన తప్పుకున్నారు (ఆ పెద్దమనసుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదనిపిస్తుంది). జూన్ 25న లార్డ్స్‌లో నాయుడు జట్టును నడిపించారు. చేతికి దెబ్బ తగిలినా తొలి ఇన్నింగ్స్‌లో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు. అయినా రాజు కాని మనిషి కింద ఆడటం జట్టులో కొందరికి మింగుడు పడలేదు. ఆయన కఠినత్వం ఇంకొందరికి నచ్చలేదు.

1936లో పరిస్థితి ఇంకా ముదిరింది. ఈసారి కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్. ఇంగ్లండ్ దిగ్గజాలు హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను రప్పించి సొంత జట్టులో ఆడించిన ధనికుడు. ఆటలో మాత్రం నాయుడికి ఏ మాత్రం సాటి కాదు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఒకే జట్టు, కానీ పొసగలేదు. ఆటగాళ్లు వర్గాలుగా చీలిపోయారు. తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపించేశారు. నాయుణ్ని ఉదయం ఫలహారం దగ్గర అందరిముందు అవమానించినందుకే ఒక ఆటగాడికి టెస్టులో చోటు దక్కిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. నాయుడు కూడా కెప్టెన్‌కు అండగా నిలవకుండా ఎడంగా ఉండిపోయారన్న మాట అప్పట్లో వినిపించింది. తప్పు ఒకవైపే ఉందనుకోలేం. మూడు టెస్టుల్లో రెండు ఓడి జట్టు తిరిగొచ్చింది. చివరి టెస్టులో నాయుడు 81 పరుగులు చేశారు. ఆ తరువాత ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు.

నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా టోర్నమెంటు దగ్గరపడితే ఎక్కడినుంచైనా ఒక హిట్టర్‌ను తెచ్చుకుందామనే మాట వస్తుంది. ఆ కుర్రాడు వస్తాడు, ఏడాదంతా ప్రాక్టీసు చేసిన ఇంకో కుర్రాడు బెంచీ మీద కూర్చుంటాడు. ఇంటికెళ్లి ఏమీ చెప్పడు. గెలిచినా ఆ పిల్లవాడి ముఖం వెలగదు.

మరి అదే నాయుడు ఇండోర్‌లో ఎలా ఇమిడిపోయారు? అక్కడా అదే కోపం, అదే పట్టుదల. కానీ అక్కడ ఆయన ఒక సీజన్‌కు వచ్చిపోయే మనిషి కాదు. ముస్తాక్ అలీని చిన్నవాడిగా ఉన్నప్పుడే గుర్తించి దగ్గరుండి తీర్చిదిద్దారు. తమ్ముడు సి.ఎస్. నాయుడూ, సర్వటే ఆ జట్టులోనే ఆడారు. ఎవరి మాట చెల్లుతుందో అందరికీ తెలుసు. ఇతరులకు పెట్టిన నియమం ముందు తానే పాటించేవారు. 56 ఏళ్ల వయసులో రంజీ ఫైనల్‌లో ఫడ్కర్ బంతి తగిలి రెండు పళ్లు ఊడితే, వాటిని పక్కకు నెట్టి బ్యాటింగ్ కొనసాగించారు. అలాంటి మనిషి తిడితే పడటం వేరు.

1945లో ఆ జట్టులోకి ఇంకో పెద్ద స్టార్ వచ్చారు. ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ యుద్ధకాలంలో ఇండోర్ దగ్గరున్న మౌలో సైనికుడిగా పనిచేస్తూ హోల్కర్‌కు ఆడారు. బొంబాయితో రంజీ ఫైనల్‌లో 867 పరుగులు కొట్టాల్సి వస్తే, 249తో చివరిదాకా అవుట్ కాకుండా నిలిచారు. అదే మ్యాచ్‌లో సి.ఎస్. నాయుడు 917 బంతులు వేశారు. ఎంత పెద్ద స్టార్ వచ్చినా కెప్టెన్ తమ్ముడికి చాకిరీ తప్పలేదు. హోల్కర్ ఓడిపోయింది, కానీ మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. 1944-45 నుంచి 1952-53 దాకా తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు ఫైనల్ చేరి నాలుగుసార్లు విజేతగా నిలిచింది.

1953 అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన నంద్యాల, ఆళ్లగడ్డ అప్పుడు ఆ కర్నూలు జిల్లాలోవే. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు తొలిసారి రంజీ ఆడింది. కొత్త కుర్రాళ్ల ముందు నిలబడి నడిపించడానికి 58 ఏళ్ల నాయుడు వచ్చారు. 61 ఏళ్లప్పుడు ఉత్తరప్రదేశ్ తరఫున ఒక ఇన్నింగ్స్‌లో 84 పరుగులు చేశారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 68 ఏళ్లకు ఆఖరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడి, 1967 నవంబరు 14న, తనను పిలిచి నిలుపుకున్న ఇండోర్‌లోనే కన్నుమూశారు.