ప్రశ్నోత్తరాలు ఆగిన రోజు.. కొత్త రఘురామయ్య పార్లమెంటు జీవితం

1975 జూలై 21, సోమవారం. ఎమర్జెన్సీ పెట్టి ఇంకా నెల కూడా కాలేదు. లోక్‌సభ సమావేశమైంది. మొరార్జీ దేశాయ్, వాజ్‌పేయి లాంటి సభ్యులు జైల్లో ఉన్నారు. మామూలు రోజుల్లో అయితే సభ మొదలవగానే ప్రశ్నోత్తరాలు నడవాలి. ఆ సమావేశాలకు ఆ పద్ధతి వద్దంటూ గుంటూరు ఎంపీ, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి కొత్త రఘురామయ్య ఒక తీర్మానం పెట్టారు. ప్రభుత్వ పని తప్ప మరేదీ సభ ముందుకు రాకూడదు, ప్రశ్నలు ఉండవు, సావధాన తీర్మానాలు ఉండవు, సభ్యులు సొంతంగా తెచ్చే బిల్లులు ఉండవు, అందుకు అడ్డమొచ్చే నిబంధనలను పక్కన పెట్టాలి.. ఇదీ దాని సారాంశం. ప్రతిపక్షం అభ్యంతరం చెప్పింది. ఓటింగ్ జరిగింది. తీర్మానం నెగ్గింది.

వినడానికి ఇది ఆఫీసు టైంటేబుల్ మార్చినట్టే ఉంటుంది. కానీ ఆ టైంటేబుల్‌లో ఏముంటుందో, దానివల్ల మామూలు కుటుంబాలకు ఏం దక్కుతుందో రఘురామయ్యకు తెలిసినంత బాగా తెలిసినవాళ్లు ఆ సభలో చాలా తక్కువ. అప్పటికి ఆయన లోక్‌సభలో 23 ఏళ్లుగా ఉన్నారు.

తెనాలి నుంచి ఢిల్లీకి

రఘురామయ్య 1912లో సంగం జాగర్లమూడిలో పుట్టారు. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రైలు దారిలో ఉన్న ఊరది. చదివింది న్యాయశాస్త్రం. స్వతంత్రం వచ్చాక జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో, 1952లో, తెనాలి నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు, ఇదంతా మద్రాసు రాష్ట్రమే. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టుల గాలి గట్టిగా వీస్తున్న రోజులు. కాంగ్రెస్ చాలాచోట్ల ఓడిపోయింది. అలాంటి ఎన్నికల్లో తెనాలి సీటు నిలబెట్టుకోవడం చిన్న సంగతేమీ కాదు.

ఇవాళ బాపట్ల జిల్లాలో ఉన్న అమృతలూరు అప్పుడు గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలోని ఊరు. కాలువ నీళ్లు, వరి చేలు, తెనాలి–రేపల్లె రైలు.. ఆ పల్లెల బతుకు వీటి చుట్టూనే తిరిగేది. అక్కడి మాట ఢిల్లీ దాకా తీసుకెళ్లే బాధ్యత ఆ మొదటి అయిదేళ్లు రఘురామయ్యది.

1957లో ఆయన గుంటూరుకు మారారు. తెనాలి సీటు ఆచార్య ఎన్.జి.రంగాకు వచ్చింది. ఆ తర్వాత 1962, 1967, 1971, 1977.. గుంటూరు ఓటర్లు రఘురామయ్యను వరసగా గెలిపిస్తూనే వచ్చారు. మొత్తం ఆరుసార్లు.

కాజ్మీ సాబ్ తెచ్చిన బిల్లు

మొదటి లోక్‌సభలో జరిగిన ఒక పని ముస్లిం కుటుంబాలు గుర్తు పెట్టుకోదగ్గది. చట్టాలన్నీ మంత్రులే తేవాలని రూలేమీ లేదు. మంత్రి కాని ఏ సభ్యుడైనా, పాలక పక్షమైనా ప్రతిపక్షమైనా, సొంతంగా బిల్లు పెట్టొచ్చు. దాన్ని ప్రైవేటు సభ్యుల బిల్లు అంటారు. ఉత్తరప్రదేశ్ సభ్యుడు సయ్యద్ మొహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో అలాగే వక్ఫ్ ఆస్తుల మీద ఒక బిల్లు పెట్టారు. 1954లో అది ముస్లిం వక్ఫ్‌ల చట్టం అయింది. స్వతంత్ర భారత పార్లమెంటులో గెలిచిన మొదటి ప్రైవేటు సభ్యుల బిల్లు ఇదే.

మస్జిదులు, దర్గాలు, ఖబరస్తాన్ల కింద ఉన్న ఆస్తుల్ని సర్వే చేయించడం, రాష్ట్రానికో వక్ఫ్ బోర్డు పెట్టడం, ముతవల్లీలు లెక్కలు చూపించడం.. ఈ ఏర్పాటు ఆ చట్టంతో వచ్చింది. 1995లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్‌లో సవరణ బిల్లు మీద అర్ధరాత్రి దాటాక జరిగిన ఓటింగును ఎన్నో ఇళ్లలో నిద్ర మానుకుని మరీ చూశారు. అయితే ఈ వరసలో మొదటిది ప్రభుత్వం తెచ్చింది కాదు, ఒక మామూలు సభ్యుడు తెచ్చిందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆ వెంటనే 1956లో ఫిరోజ్ గాంధీ ఇంకో బిల్లు నెగ్గించుకున్నారు. సభలో జరిగింది జరిగినట్టు, దురుద్దేశం లేకుండా రాసినందుకు పత్రికల మీద కేసులు పెట్టకుండా కాపాడే చట్టం అది. ఈ రెండూ చట్టాలైనప్పుడు తెనాలి ఎంపీగా రఘురామయ్య ఆ సభలోనే ఉన్నారు.

అర్జీ సభ దాకా ఎలా వెళ్తుంది?

పార్లమెంటు అంటే టీవీలో కనిపించే గొడవే గుర్తొస్తుంది. అసలు పని చాలావరకు కాగితాల మీద, చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది.

అమృతలూరు మనిషి ఒకరు తెనాలి–రేపల్లె రైలు గురించి ఎంపీకి అర్జీ ఇచ్చారనుకోండి. రైల్వే కేంద్రానిది కాబట్టి ఎంపీ దాన్ని ప్రశ్నగా మార్చి ముందుగా నోటీసు ఇవ్వొచ్చు. అదే మనిషి కాలువ చివరి భూములకు నీళ్లు రావట్లేదని రాస్తే, సాగునీరు రాష్ట్రం పని కాబట్టి ప్రశ్న అక్కడే ఆగిపోయే అవకాశం ఎక్కువ, దాన్ని అసెంబ్లీలో అడిగించుకోవాలి. హజ్ ఏర్పాట్ల గురించి అయితే మళ్లీ ఢిల్లీయే.

ప్రశ్నల్లో రెండు రకాలున్నాయి. నక్షత్రం గుర్తు ఉన్నదానికి మంత్రి సభలో నిలబడి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు, మంత్రి ఇబ్బంది పడేది అక్కడే. నక్షత్రం లేనిదానికి రాతలో జవాబు వస్తుంది. ఇప్పుడు లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం ప్రశ్నలు, 230 దాకా రాత ప్రశ్నలు ఉంటాయి. ఏ రోజు ఏ శాఖల వంతో ముందే పంచేస్తారు. పదకొండు గంటలకు సభ మొదలైతే మొదటి గంట వీటిదే.

తర్వాత మంత్రులు తమ శాఖల నివేదికలు, నోటిఫికేషన్లు సభకు సమర్పిస్తారు. ఆపైన సావధాన తీర్మానాలు, బిల్లులు, పద్దులు. శుక్రవారం, అంటే జుమా రోజు, చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి. కాజ్మీ సాబ్ లాంటివాళ్లకు దొరికే సమయం అదే. ఏ బిల్లుకు ఎన్ని గంటలో తేల్చేది స్పీకర్ అధ్యక్షతన ఉండే సభా వ్యవహారాల సలహా సంఘం.

ఈ యంత్రం తిరగాలంటే ఒక మనిషి రోజంతా దాని పక్కనే ఉండాలి. ఆయనే పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి. వచ్చే వారం ప్రభుత్వం ఏ పని పెడుతుందో సభకు చెప్పేది ఆయన. ప్రతిపక్ష నాయకులతో మాట్లాడి తేదీలు కుదుర్చుకునేదీ, ఓటింగ్ రోజు తమవాళ్లు ఎక్కడున్నా విప్ పంపి రప్పించేదీ ఆయనే. సభ సాఫీగా నడిస్తే ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. ఎక్కడైనా తప్పితే మాత్రం అందరి వేలూ ఆయన వైపే.

ఒక్క ఓటు కూడా కాదు, అంతకన్నా తక్కువ

నెహ్రూ కాలంలో రఘురామయ్య రక్షణ శాఖ ఉపమంత్రిగా కృష్ణ మీనన్ దగ్గర పనిచేశారు. తర్వాత రక్షణ ఉత్పత్తులు, పెట్రోలియం లాంటి శాఖలు చూశారు. 1969లో పార్లమెంటరీ వ్యవహారాలు ఆయన చేతికి వచ్చాయి. అదే ఏడాది కాంగ్రెస్ చీలింది. ఇందిరా గాంధీ ప్రభుత్వానికి సొంత మెజారిటీ పోయింది. వామపక్షాలు, డీఎంకే లాంటి పార్టీల మద్దతుతో నెట్టుకు రావాల్సి వచ్చింది. అప్పటిదాకా విప్ పని తలలు లెక్కపెట్టడంలా సాగింది. అప్పట్నుంచి అది రోజూ కత్తి మీద సామే.

1970 సెప్టెంబరులో రాజభరణాల రద్దు బిల్లు వచ్చింది. రాజ్యాంగ సవరణ కాబట్టి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతుల మంది కావాలి. లోక్‌సభలో దాటింది. రాజ్యసభలో అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు పడ్డాయి. మొత్తం 224. మూడింట రెండొంతులంటే 149కి పైన ఇంకో మూడో వంతు ఓటు. ఆ ముక్క ఓటు తక్కువై బిల్లు పడిపోయింది. సభలో ఒక్క కుర్చీ ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఆ రోజు దేశమంతటికీ తెలిసింది. రాజభరణాలు చివరికి 1971 డిసెంబరులో, ఎన్నికల్లో భారీ గెలుపు తర్వాత, రద్దయ్యాయి.

ఆ 1970లోనే లక్నో స్వతంత్ర సభ్యుడు ఆనంద్ నారాయణ్ ముల్లా పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టమైంది. ముల్లా సాబ్ హైకోర్టు జడ్జిగా చేసినవారు, పేరున్న ఉర్దూ షాయర్ కూడా. కింది కోర్టు నిర్దోషి అన్న మనిషికి హైకోర్టు ఆ తీర్పు తిప్పేసి యావజ్జీవమో, పదేళ్లు అంతకు మించిన జైలో వేస్తే, సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు ఆ చట్టంతో వచ్చింది. ఎవరి ఇంటి బిడ్డ అయినా కేసులో చిక్కుకుంటే దాని విలువ తెలుస్తుంది. 1952 నుంచి లెక్కేస్తే పార్లమెంటు దాటిన 14వ ప్రైవేటు సభ్యుల బిల్లు అది. చివరిదీ అదే. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్కటీ చట్టం కాలేదు.

నిబంధనతోనే నిబంధన ఆపడం

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. జూలై 4న జమాతె ఇస్లామీ, ఆర్ఎస్ఎస్‌తో సహా 26 సంస్థల మీద నిషేధం పడింది. ఎవరిని ఎందుకు పట్టుకెళ్లారో, ఎక్కడ పెట్టారో అడిగే చోటు కావాలి. పత్రికల నోరు సెన్సార్ కట్టేసింది. మిగిలింది పార్లమెంటు. అక్కడ మంత్రి లేచి జవాబు చెప్పక తప్పని గంట, ప్రశ్నోత్తరాల గంట.

జూలై 21 తీర్మానం ఆ గంటనే తీసేసింది. ఇందులో రూలు తప్పింది ఏమీ లేదు. నిబంధనలను తాత్కాలికంగా పక్కన పెట్టే వీలు సభ నిబంధనల్లోనే ఉంది. తీర్మానం పెట్టారు, చర్చించారు, ఓటేశారు. తాళం తీసే చెవితోనే తాళం వేశారు. 1962లో చైనా యుద్ధం అప్పుడు కూడా ప్రశ్నోత్తరాలు ఆగిన మాట నిజమే. అయితే అప్పుడు దేశ సరిహద్దు మీద శత్రువు ఉన్నాడు, పార్టీలన్నీ ఒప్పుకున్నాయి. ఈసారి ప్రశ్న అడగాల్సినవాళ్లలో కొందరు జైల్లో ఉన్నారు.

జూలై 23న లోక్‌సభ ఎమర్జెన్సీని ఆమోదించింది. అనుకూలం 336, వ్యతిరేకం 59. ఎమర్జెన్సీ ప్రకటనను కోర్టులో సవాలు చేయకుండా చేసే 38వ సవరణ ఆ సమావేశాల్లోనే దాటింది. ప్రధాని ఎన్నిక వివాదాన్ని కోర్టు చేతిలోంచి తీసేసే 39వ సవరణ ఆగస్టు 7న లోక్‌సభలో, 8న రాజ్యసభలో, 10కల్లా రాష్ట్రపతి సంతకంతో పూర్తయింది. నాలుగు రోజుల్లో రాజ్యాంగమే మారిపోయింది.

డిసెంబరులో ఫిరోజ్ గాంధీ చట్టాన్ని ఆర్డినెన్సుతో రద్దు చేశారు. సభలో ఎవరైనా ధైర్యం చేసి మాట్లాడినా పత్రిక వేసుకోవాలంటే భయపడే పరిస్థితి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర బుల్‌డోజర్లు ఇళ్లు కూల్చి, జనం మీద కాల్పులు జరిగినప్పుడు తెనాలిలోనో, గుంటూరులోనో ఉన్న ముస్లిం కుటుంబానికి పేపర్లో సరైన ఖబర్ దొరకలేదు. ఏం జరిగిందో దేశానికి వివరంగా తెలిసింది తర్వాత షా కమిషన్ విచారణ నడిచినప్పుడే.

రఘురామయ్యది ఒంటరి నిర్ణయం కాదు. మంత్రివర్గం చెప్పింది సభలో నెగ్గించడం ఆ శాఖ పని, ఆ పని ఆయన చేశారు. ఆయన దాని నుంచి తప్పుకోలేదు, రాజీనామా ఇవ్వలేదు అన్నదీ అంతే నిజం.

గుంటూరు మళ్లీ గెలిపించింది

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 గెలిచింది. నంద్యాల ఒక్కటే జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డికి దక్కింది. గుంటూరు ఓటర్లు రఘురామయ్యను ఆరోసారి పంపారు. పాతికేళ్లలో ఎక్కువ కాలం మంత్రిగా జవాబులు చెప్పిన మనిషి, ఇప్పుడు ప్రశ్నలు అడిగే వైపు కూర్చున్నారు. ఫిరోజ్ గాంధీ చట్టాన్ని కొత్త ప్రభుత్వం 1977లోనే తిరిగి తెచ్చింది. 1979లో, ఎంపీగా ఉండగానే, రఘురామయ్య కన్నుమూశారు.

తర్వాత 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో ఇంకోసారి ప్రశ్నోత్తరాల గంట ఆగింది. రాత ప్రశ్నలకు జవాబులు వచ్చాయి గానీ, మంత్రిని నిలబెట్టి అడిగే వీలు లేకపోయింది. ఆ తీర్మానం పెట్టింది కూడా అప్పటి పార్లమెంటరీ వ్యవహారాల మంత్రే.

అమృతలూరు ఇప్పుడు బాపట్ల ఎంపీ కిందికి వస్తుంది. రైలు, పోస్టాఫీసు, హజ్, కేంద్ర స్కాలర్‌షిప్.. ఏదైనా సరే, అర్జీ ఇచ్చేటప్పుడు దాన్ని సభలో ప్రశ్నగా వేయమని కూడా ఎంపీని అడగొచ్చు. ప్రశ్న వేస్తే జవాబు పార్లమెంటు రికార్డులో ఉండిపోతుంది. సమావేశాలకు ముందే అడగాలి, నోటీసుకు పదిహేను రోజుల గడువు ఉంటుంది.