సగం జీతం సెలవులో పుట్టిన సూత్రం

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని మన కార్యదర్శి గారు అడిగారు. ఆంధ్రకేసరి గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కనుక నేను ఒక జర్మన్ బడిపంతులు గారి గురించి రాస్తాను. ఆయన పేరు జార్జ్ సైమన్ ఓమ్.

హైస్కూల్లో ఓమ్ నియమం అన్నప్పుడు అది ప్రణవానికి సంబంధించినదేమో అనుకున్న తెలివి నాది. పరీక్షలో మార్కులు వచ్చాయి గాని విషయం బుర్రకెక్కలేదు. ఉద్యోగ విరమణ తరువాత, మా తమ్ముడి మిరప తోటలో బోరు మోటారు ఒకే పంటకాలంలో రెండుసార్లు కాలిపోయినప్పుడు గాని దాని అవసరం తెలిసిరాలేదు. మెకానిక్ మీటరు పెట్టి చూసి, 415 వోల్టులు ఉండవలసిన చోట 330 మాత్రమే ఉందని తేల్చాడు. వోల్టేజి తగ్గితే మోటారు నెమ్మదించాలి గాని కాలడమేమిటని నా సందేహం. మనవడి భౌతికశాస్త్రం పుస్తకం తెరిచాను. అక్కడి నుంచి ఓమ్ గారి జీవితంలోకి వెళ్లాను.

ఆయన 1789 మార్చి 16న ఇప్పటి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జన్మించారు. తండ్రి తాళాలు చేసే పనివాడు. పదేళ్ల వయసులో తల్లి పోయింది. తండ్రి బడికి వెళ్లి చదివినవాడు కాకపోయినా సొంతంగా గణితం నేర్చి పిల్లలకు చెప్పాడు. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రవాడు నాట్యం, మంచుమీద జారుడు ఆట, బిలియర్డ్స్ మరిగాడు. తండ్రికి కోపం వచ్చి చదువు మాన్పించి స్విట్జర్లాండు పంపాడు. అక్కడ లెక్కల మాస్టారుగా చేరి, సొంతంగా చదువుకుని, తిరిగి వచ్చి 1811లో డాక్టరేటు పొందారు. ఆ తరువాత కొన్నేళ్లు చాలీచాలని జీతాలే. 1817లో కొలోన్ నగరంలోని పాఠశాలలో పని దొరికింది. అక్కడ మంచి ప్రయోగశాల ఉండటం ఆయన అదృష్టం.

తీగ పొడవు పెరిగితే అందులో పారే కరెంటు ఎంత తగ్గుతుంది? ఇదీ ఆయన ప్రశ్న. 1825లో ప్రకటించిన మొదటి సూత్రం తప్పింది. ఆనాటి బ్యాటరీల బలం కొలుస్తుండగానే తగ్గిపోయేది. తప్పు పట్టుకుని మరుసటి ఏడు మళ్లీ మొదలుపెట్టారు. పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహాపై బ్యాటరీ మాని, బిస్మతును రాగితో కలిపి, ఒక అతుకును మరిగే నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచారు. వేడిలోని ఆ తేడా వల్ల నిలకడైన కరెంటు వచ్చింది. ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలు తీసుకున్నారు. అన్నిటికన్నా పొట్టిది 2 అంగుళాలు, పొడవైనది 130 అంగుళాలు. అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూసి ఒక్కొక్క తీగలో కరెంటు కొలిచారు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేదే నిరోధమని, తీగ పొడవైతే అది పెరిగి, లావైతే తగ్గుతుందని ఆ కొలతల నుంచి తేలింది.

అప్పుడాయన ఏడాదిపాటు సగం జీతం మీద సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లారు. మన హాఫ్ పే లీవు వంటిదే! 1827లో పుస్తకం వచ్చింది. దానితో విశ్వవిద్యాలయంలో పోస్టు వస్తుందని ఆశ. రాలేదు. పుస్తకాన్ని మెచ్చినవారూ తక్కువే. మనసు విరిగి 1828లో ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. 1833లో నూరెంబర్గులో పని దొరికేదాకా చిన్నాచితకా బోధనతోనే కాలక్షేపం. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో భౌతికశాస్త్ర పీఠం 1852లో దక్కింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. మనలో చాలామందిమి 58కే దండలు వేయించుకుని ఇంటికి వచ్చినవాళ్లం. 1854 జూలై 6న ఆయన కన్నుమూశారు. 1881లో పారిస్ మహాసభ నిరోధపు కొలతకు ఆయన పేరు ఖాయం చేసింది.

ఇంగ్లండులో కావెండిష్ ఈ సంగతిని అంతకు దాదాపు అర్ధ శతాబ్దం ముందే, కరెంటు షాకును తన ఒంటితోనే అంచనా కట్టి కనిపెట్టాడు. ప్రకటించలేదు. కాగితాలు కట్టలోనే ఉండిపోయి 1879లో గాని అచ్చు కాలేదు. ఫైళ్ల మధ్య బతికిన మనకు ఇది కొత్త కాదు.

ఇక లెక్క. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. నీళ్లు కాచుకునే హీటరు మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటే, 1000ని 230తో భాగించండి: సుమారు 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే దాదాపు 53 ఓములు. వోల్టేజి 180కి పడితే అదే 53 ఓముల్లో పారేది 3.4 ఆంపియర్లే, పని చేసేది సుమారు 610 వాట్లే. వోల్టేజి ఐదో వంతు పైచిలుకు తగ్గితే వేడి ఐదింట రెండు వంతులు తగ్గిందన్నమాట. సాయంత్రాలు నీళ్లు కాగకపోవడానికి కారణం ఇదే.

మోటారు సంగతి వేరు. నీరు తోడే బరువు తగ్గదు గనుక, వోల్టేజి పడితే అది కరెంటు ఎక్కువ లాగుతుంది. 8 ఆంపియర్లు లాగవలసినది 10 లాగితే, వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇది జౌల్ 1840ల తొలినాళ్లలో తేల్చిన మాట. మా తమ్ముడిది లైనులో చివరి సర్వీసు. పైగా స్తంభం నుంచి బోరుదాకా తనే వేసుకున్న తీగ సన్నది, పొడవైనది. ఓమ్ గారి 130 అంగుళాల తీగ నాకు అక్కడ కనిపించింది. లావు తీగ మార్పించాము. స్టార్టరు పక్కన ఒక వోల్టుమీటరు పెట్టించాము. ముల్లు 380 దాటితేనే ఇప్పుడు మోటారు వేస్తాడు, తోటకు తడి ఒకరోజు ఆలస్యమైనా సరే.