స్టూడియో నుండి తెరకు: రఘుపతి వెంకయ్య

గుడివాడ మొదలు దివిసీమ వరకు ఏ పాఠశాలయందైనను సంవత్సరాంతపు ఫోటోకు వరుసలో నిలుచున్న విద్యార్థులకు ఒక అనుభవము కలదు. కదలవద్దని ఛాయాగ్రాహకుడు హెచ్చరింపగానే మొగము బిగిసిపోవును. పటము చేతికి వచ్చిన పిమ్మట చూచుకొన్నచో అందున్నది మనమే యైనను, ఆ మొగము మనది కాదేమో అనిపించును. మనిషిని నిలువబెట్టుట వేరు, ఆతని భావమును పట్టుట వేరు. ఆ పట్టు కొరకు యౌవనమును వెచ్చించిన బందరువారు రఘుపతి వెంకయ్యగారు. తెలుగు సినిమాకు పితామహుడని లోక మెరిగిన పేరే అది.

వెంకయ్యగారు 1869 అక్టోబరు 15న మచిలీపట్టణమున జన్మించిరి. సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్న 1864 నాటి ఉప్పెన గడచి అప్పటికి ఐదేండ్లే. ఓడల రాకపోకలు సన్నగిల్లినను, కలంకారీ అద్దకము వలన రంగును, రేఖను ఎరిగిన చేతులకు ఆ యూర కొదువ లేదు. వెంకయ్యగారికిని చిత్రలేఖనమందు మక్కువ కలిగెను. పదునేడేండ్ల ప్రాయమున మద్రాసు చేరి, కాలక్రమమున అచ్చట ఫోటో స్టూడియో నెలకొల్పిరి.

ఆయన చరిత్ర వ్రాయువారు సాధారణముగా ఈ స్టూడియోను ఒక్క వాక్యములో దాటివేయుదురు. అది సరికాదని నా తలంపు. ఆ కాలపు స్టూడియోలకు అద్దపు కప్పుగుండ దిగు పగటి వెలుగే ఆధారము. తెరలను జరిపి ఆ వెలుగును ఒక చెంపపై నిలిపి, రెండవ చెంపపై పలుచని నీడను వదలవలెను. నీడ బొత్తిగా లేనిచో మొగము పళ్లెమువలె చదునగును. మితిమీరినచో నల్లని మరక యగును. నల్లగుడ్డ క్రింద తలదూర్చి చూచువానికి గాజుపలకపై మనిషి తలక్రిందులుగా కనిపించును. మొదట ఇది ఇబ్బందియే. కాని తెలిసిన మొగమును మరచి వెలుగునీడల పొందికను మాత్రమే చూచుట దానివలననే అలవడును. చేతులు ఎచ్చట నుంచవలెను, తలపై ఎంత చోటు విడువవలెను, చూపు ఏ దిక్కునకు పోవలెను అనునవన్నియు కుదిరిన పిమ్మట, కూర్చున్నవాని మనస్సు కుదురవలెను. అది ఆజ్ఞాపించిన వచ్చునది కాదు. మాటలలో పెట్టి, ఓపికతో కనిపెట్టి, బిగువు సడలిన క్షణముననే పలకను వెలుగునకు చూపవలెను. పలక వ్యర్థమైనచో నష్టము స్టూడియోవానిదే!

ఇట్టి వృత్తిలో స్థిరపడిన వెంకయ్యగారు 1910 ప్రాంతమున స్టూడియోను తాకట్టుపెట్టి, సుమారు 30,000 రూపాయల వెలగల క్రోనోమెగాఫోను అను యంత్రమును కొనిరి. ఫ్రాన్సుదేశపు గోమో సంస్థ నిర్మించిన ఆ యంత్రము కదలు బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జతచేయును. కడుపు నింపుచున్న వృత్తిని పణముగా నొడ్డుట గృహస్థునకు వివేక మనిపించుకొనదు. కాని యేండ్ల తరబడి కదలని మొగములను కనిపెట్టిన కంటికి, మొగమున భావము పుట్టి, మారి, మాయమగుట తెరపై కానవచ్చిన, ఇక నిలువ శక్యమా? విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చి, పిమ్మట యంత్రముతో బర్మా, సింహళములు తిరిగివచ్చిరి. 1914లో మద్రాసున గెయిటీ థియేటరును కట్టించిరి. ఆ నగరమున భారతీయుడు కట్టించిన తొలి సినిమాశాల అది. క్రౌన్, గ్లోబు తరువాత వచ్చినవి.

కుమారుడు ప్రకాశును సినిమావిద్య నేర్చుటకు విదేశములకు పంపిరి. అతడు తిరిగివచ్చిన పిమ్మట 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ వెలసెను. దాని చిత్రనిర్మాణశాలను జనులు గ్లాస్ స్టూడియో అనిరి. ఫోటో స్టూడియో అద్దపు కప్పే పెరిగి పెద్దదై అచ్చట నిలిచినట్లు నాకు తోచును. ప్రకాశు దర్శకత్వము వహించి, తానే భీష్ముడుగా నటించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ అచ్చటిదే. గంగ పాత్రను పెగ్గీ కాస్టెలో అను నటి ధరించెను. మూగచిత్రము గావున ప్రతిజ్ఞ యంతయు మొగముననే, నిలుచు తీరుననే పలుకవలసి యుండెను.

కంపెనీ ఎక్కువకాలము నిలువలేదు. వెంకయ్యగారు ఆర్థికముగా చితికిపోయిరి. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర మాటాడుట ఆయన జీవితకాలముననే జరిగెను. 1941 మార్చి 15న కన్నుమూసిరి. ఆయన పేర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నెలకొల్పిన పురస్కారమును 1980 సంవత్సరమునకు తొలుత ఎల్.వి. ప్రసాదుగారు అందుకొనిరి.