బడిపిల్లల మాత్రలో సుబ్బారావు శ్రమ

అమలాపురం: 2018లో ప్రారంభమైన అనీమియా ముక్త్‌ భారత్‌ కార్యక్రమం కింద 5 నుంచి 9 ఏళ్ల చిన్నారులకు వారానికొక గులాబీ మాత్ర నిర్దేశించారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట బడిపిల్లలకూ ఇది వర్తిస్తుంది. అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము, 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ ఆమ్లం ఉంటాయి. ఈ ఫోలిక్‌ ఆమ్లాన్ని ప్రయోగశాలలో సృష్టించిన బృందానికి సారథి గోదావరి బిడ్డ డాక్టర్‌ ఎల్లాప్రగడ సుబ్బారావు.

సోదరులను కోల్పోయి...

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. బాల్యమంతా పేదరికంలోనే గడిచింది. మెట్రిక్యులేషన్‌లో మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. తిన్న తిండి ఒంటికి పట్టనీయని స్ప్రూ వ్యాధి ఆయన సోదరులిద్దరిని స్వల్ప వ్యవధిలోనే బలిగొంది. అదే జబ్బు తననూ పీడించగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువు ముగించాక, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ, అనపర్తికి చెందిన మామగారు అందించిన ఆసరాతో అమెరికా పయనమయ్యారు. బోస్టన్‌లో ఆసుపత్రి సేవకునిగా రాత్రివేళ పనిచేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు.

పచ్చని ఆకు నుంచి...

1930వ దశకంలో లూసీ విల్స్‌ అనే వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనతను ఈస్ట్‌ సారంతో నయం చేశారు. అందులోని గుణకారి పదార్థమే ఫోలిక్‌ ఆమ్లమని తరువాత తేలింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు దానిని పాలకూర నుంచి వేరుచేసి, ఆకు అనే అర్థమిచ్చే లాటిన్‌ పదంతో పేరు పెట్టారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరిన సుబ్బారావు నేతృత్వంలో 1945లో దాని కృత్రిమ తయారీ సాధ్యమైంది. సోదరులను కబళించిన స్ప్రూకు కూడా అది ఔషధమైంది. ఫైలేరియా నివారణకు వాడే హెట్రజాన్‌ సైతం ఆయన బృందం కృషి ఫలమే. స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో, 53వ ఏట న్యూయార్క్‌లో కన్నుమూశారు. 1995లో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను విడుదల చేసింది.

మాత్రతోనే సరిపోదు

అన్నం, పలుచని చారుతో కడుపు నింపుకునే చిన్నారికి ఈ మాత్ర ఆసరాయే గాని ఆహారానికి ప్రత్యామ్నాయం కాదు. తోటకూర, పాలకూర, పప్పుధాన్యాలలో ఫోలిక్‌ ఆమ్లం సహజంగానే లభిస్తుంది. ఆకుకూర ఉడికించిన నీటిని పారబోస్తే అందులో చాలాభాగం వృథా అవుతుంది. మాత్రను పారేయకుండా మింగించడం, పెరటి ఆకును పళ్లెంలోకి చేర్చడమే ఆ మహనీయునికి తల్లిదండ్రులు అర్పించగల నివాళి.