నాచును శాస్త్రమునకెక్కించిన ఆచార్యుడు

ఆదోని ప్రాంతమునందలి కైరుప్పలలో ఉగాది ఉత్సవములందు జరుగు పిడకల సమరము మిక్కిలి ప్రసిద్ధము. ఆనాడు ఆయుధమైన పిడక చిరకాలముగా పల్లెటిపొయ్యికి వంటచెరకు. పశువు మేసిన గడ్డిలో నిలిచిన సూర్యుని వేడిమియే పిడకలో మండును. అయితే పొయ్యిలో కాలిన పేడ పొలమునకు ఎరువుగా దక్కదు. ఈ నష్టము రైతులెఱిగినదే. సూర్యరశ్మిని ఇంధనముగ నిలువజేయు మఱియొక జీవి మన చెరువులలోనే కలదు, అది నాచు. మనదేశమున దానికి శాస్త్రగౌరవము కలిగించినవారిలో అగ్రగణ్యులు ఎం. ఓ. పార్థసారథి అయ్యంగారు.

వారు 1886వ సంవత్సరమున మదరాసులో జన్మించిరి. ఆదోనిసీమయు నాడు మదరాసు రాజధానిలోనిదే. వారు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్యులై, జనులు ఏవగించుకొను పాచిని సేకరించి సూక్ష్మదర్శినితో పరిశీలించుటయే జీవితవ్రతముగ గైకొనిరి. ఎండిపోవుచున్న వాననీటి మడుగుల తడిమంటిపై పెరుగు ఒక నూతన శైవలమును 1932లో లోకమునకు వెల్లడించి, లండనునందలి ఆచార్యుడు ఫ్రిట్ష్ పేర దానికి ఫ్రిట్షియెల్లా యని నామకరణము గావించిరి. కొంత మంటిలోనికిని కొంత పైకిని పెరుగు ఆ అల్పజీవి, నీటి మొక్కలు నేలకెక్కిన విధమును విచారించు పండితులకు గొప్ప ఆధారమయ్యెను. వారి శిష్యులు దేశికాచారిగారు నీలహరిత శైవలములపై 1959లో బృహద్గ్రంథమును వెలువరించిరి. గురువుగారు 1963లో స్వర్గస్థులైరి.

అయ్యంగారు ఇంధనము నాశించి ఈ కృషి చేయలేదు. కాని నేడు దాని విలువ తెలియవచ్చుచున్నది. ఒక కిలో ఎండునాచు పెరుగుటకు సుమారు 1.8 కిలోల బొగ్గుపులుసు గాలిని పీల్చుకొనును. కర్మాగారపు పొగను నాచుమడుగులకు మళ్లించి, ఆ నాచునుండి నూనె తీయవచ్చును. ఆ నూనె మండినప్పుడు ఆ వాయువు మరల వెలువడుననుట నిజమే. అయినను భూగర్భమునందలి బొగ్గు, చమురు అంతమేరకు మిగులును. అమెరికా ప్రభుత్వము 1978 మొదలు 1996 వఱకు పరిశోధించి, ఖర్చు అధికమని తేల్చెను. నత్రజని కొఱవడిన నాచులో నూనె హెచ్చును. కాని పెరుగుదల మందగించును. ఈ చిక్కు నేటికిని పూర్తిగా విడలేదు.

ఏ నీటికి, ఏ యెండకు ఏ జాతి తగునో తెలిసికొననిదే ఈ చిక్కు వీడదు. ఆ తెలివికి పునాది అయ్యంగారివంటివారి సహనమే. ముడిచమురులో నూటికి 80 పాళ్లకు పైగా పరదేశములనుండి కొనుచున్న మనము, మన చెరువులను పరిశీలించు విద్యార్థికి చేయూతనీయకున్న, రేపు ఆ విద్యనుకూడ పరులవద్దనే కొనవలసివచ్చును.