మహలనోబిస్ గారూ, మా తొమ్మిది తాళాలూ

స్టాటిస్టిక్స్ విద్యార్థులకు ప్రశాంత చంద్ర మహలనోబిస్ పేరు సాధారణంగా పరీక్షల ముందురోజు రాత్రి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఎమ్మిగనూరు దగ్గరి ఒక పల్లెలో, తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాక గుర్తొచ్చారు.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివిందీ, ప్రెసిడెన్సీ కాలేజీలో చెప్పిందీ భౌతికశాస్త్రమే. ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ ఓడలో చదివిన బయోమెట్రికా సంపుటాలు ఆయన దారి మళ్లించాయి. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. 1941లో అక్కడ శిక్షణకు చేరిన సి.ఆర్. రావు గారు హడగలిలో పుట్టినవారు. హడగలీ, మన ఆదోనీ అప్పట్లో ఒకే బళ్లారి జిల్లా. ఈ చుట్టరికం చెప్పకపోతే మావాళ్లు ఊరుకోరు!

ఆయన అసలు పని పొలాల్లో జరిగింది. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో తేల్చే సర్వే 1937లో మొదలైంది. ప్రతి చేనూ తిరగనక్కర్లేదు, కొన్ని చూస్తే చాలన్నారు. అయితే ఏ కొన్ని? ఆదోని యార్డులో వ్యాపారి పైన కనిపించే తెల్లపత్తిని నమ్మడు, బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి లోపలిది పీకి చూస్తాడు. మహలనోబిస్ ఇంకో మెట్టు ఎక్కారు. ఏ బోరెంలో చెయ్యి పెట్టాలన్నది కూడా వ్యాపారి ఇష్టానికి వదలకూడదన్నమాట. అందుకే చోట్లను చీట్లు తీసినట్టు ఎంపిక చేశారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపి, వాళ్ల లెక్కలు ఎంత తేడా పడ్డాయో చూశారు.

పంటకోతల్లో ఇంకో విచిత్రం బయటపడింది. కోతకు గీసిన గిరి మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా కనిపిస్తుంది. గీతమీద నిలబడ్డ మొక్కను లోపలికే లెక్కేసుకోవడం మన చేతికి అలవాటు. ఎవడూ అబద్ధం చెప్పడు, లెక్క మాత్రం తప్పుతుంది. నన్ను పట్టుకున్నది ఈ ముక్కే.

1945లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వేకు ఊపిరి పోశారు. రెండో పంచవర్ష ప్రణాళికకు నమూనా తయారుచేశారు. 1972 జూన్ 28న, డెబ్బైతొమ్మిదో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు పోయారు. 2007 నుంచి ఆయన పుట్టినరోజును జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇక మా తాళాల సంగతి. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం కుటుంబాల ఆదాయం కనుక్కోవడానికి శాస్త్రప్రకారం చీట్లు తీసి నలభై ఇళ్లు ఎంచుకున్నాం. ఫిబ్రవరి ఎండలో పోతే తొమ్మిదిళ్లకు తాళాలు. సుగ్గికి పోయినారు, గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యను, అని చెప్పింది అరుగుమీది ముసలవ్వ. మేం మహా తెలివిగా పక్కింటివాళ్లను అడిగి పట్టిక నింపేశాం. ఒక్క గడీ ఖాళీ లేదు, సరాసరి ఆదాయం ముచ్చటగా వచ్చింది. చేతిలో పంటో పనో ఉన్నవాడే ఇంట్లో ఉన్నాడు, లేనివాడు బస్సెక్కాడు. మేం లెక్కపెట్టింది ఉండగలిగినవాళ్లను మాత్రమే. గీతమీది మొక్కను లోపలికి లాక్కున్నదీ ఇలాంటి చెయ్యే కదా!

మా మాస్టారు పట్టిక చూసి, తాళం ఒక్కటి కూడా తగల్లేదా అని అడిగారు. నిజం చెప్పాం. ఆ తొమ్మిది వరసలూ కొట్టేయించారు. ఉగాదికి జనం తిరిగొచ్చాక మళ్లీ పోతే ఆరు కుటుంబాలు దొరికాయి, సరాసరి దిగింది. మిగతా మూడిళ్ల ఎదుట ఖాళీగానే వదిలి, ఎందుకు ఖాళీయో కింద రాశాం.