మన హైదరాబాద్ మత్తు డాక్టరమ్మ రూపాబాయి

పోయినేడు మా సంఘంలో ఒక అక్కకు గర్భసంచి ఆపరేషన్ పడింది. ఆమె కోతకు భయపడలేదు, మత్తుకు భయపడ్డది. మళ్లీ లేస్తనో లేదో, పిల్లలు ఏమైతరో అని రెండు నెలలు దవాఖాన దిక్కు పోలేదు. అందుకే ఈసారి నివేదికలో రూపాబాయి ఫర్దూంజీ గారి గురించి రాస్తున్నాము. ఆమె పార్సీల ఆడబిడ్డ. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరని చెప్తారు.

1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఐదుగురు ఆడపిల్లలు చేరినారు. అందులో ఈమె ఒకరు. ఆ స్కూలే తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయ్యింది. పేరు చూసి మన తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంటదనుకున్నాము. కాదు, అది కోఠిలో ఉన్నది. 1889లో ఆమెకు హకీం పట్టా వచ్చింది.

అప్పట్లో మత్తు అంటే క్లోరోఫాం. గుడ్డ మీద చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టేవారు. నొప్పి తెలిసేది కాదు గానీ కొందరు బల్ల మీదనే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? దీని మీద డాక్టర్ల మధ్య పెద్ద గొడవ. స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ గారు ఊపిరే అన్నారు. నాడి పట్టుకొని కూర్చోవద్దు, శ్వాస చూడండి అనేది ఆయన పద్ధతి. తేల్చడానికి నిజాం ప్రభుత్వం డబ్బు పెట్టింది. 1888లో ఒకటి, 1889లో ఒకటి కమిషన్లు వేశారు. లండన్ నుండి బ్రంటన్ అనే డాక్టరు వచ్చారు. వందల జంతువుల మీద పరీక్షలు చేశారు. రూపాబాయి చదువుకుంటూనే ఆ పనిలో పాలు పంచుకున్నారు.

కమిషన్ లారీ మాటే ఖాయం చేసింది. కానీ అది సగమే నిజం. తేలిక మత్తులో కూడా గుండె గతి తప్పి ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే డాక్టరు చూపించినారు. అంటే రెండూ చూడాలె.

రూపాబాయి రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్, జనానా దవాఖానల్లో మత్తు ఇచ్చారు. మగ డాక్టరు ముందుకు రాని పర్దా ఆడవాళ్లకు ఆమె ఎంత ధైర్యమో మనకు తెలుసు. ఇరవై ఏండ్లు పనిచేసినంక, 1909లో మళ్లీ చదువుకోను ఎడిన్‌బరో పోయినారు. మత్తుకు వేరే చదువు లేదని భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినారు. చాదర్‌ఘాట్ దవాఖాన సూపరింటెండెంట్‌గా 1920లో రిటైరైనారు.

మా అక్కకు ఆపరేషన్ అయ్యింది. మత్తు డాక్టరమ్మ తలాపునే కూర్చొని, వేలికి క్లిప్పు పెట్టి, తెర మీద గుండె గీతలు చూసుకుంట ఉన్నదట. అక్క ఇప్పుడు వాయిదాలు నెలనెలా కడుతున్నది.